ఉన్నదానితో, అప్పటికప్పుడు

నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు వైపు దిగి వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్తే, వీధుల్లో తరిణి యంత్రాలు తిరిగే చప్పుడు పలకరిస్తుంది. అంకుడు కర్ర ముక్కను తరిణికి బిగించి, ఉలి ఆనించి, కళాకారుడు దాన్ని గుండ్రంగా చెక్కుతాడు. రూపం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు అదుముతాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే బొమ్మ నిగనిగలాడుతుంది. చూడటానికి ఇదంతా ఒకే పనిని వందలసార్లు తిరగేసినట్టు ఉంటుంది.

కాసేపు ఆ చేతులనే గమనించండి. ఏ రెండు కర్రలూ ఒకలా ఉండవు. ఒకదానిలో తేమ ఎక్కువ, ఇంకొకదానిలో ముడి ఉంటుంది, మరొకదాని నార పక్కకు తిరిగి ఉంటుంది. ఉలి కింద కర్ర బిరుసెక్కగానే మణికట్టు కోణం మారిపోతుంది. కుంకుమ భరిణె చేద్దామని మొదలుపెట్టిన కర్రలో లోపలెక్కడో చీలిక బయటపడితే, ఆ చీలిక పోయేదాకా తొలుచుకుంటూ వెళ్లి, మిగిలిన లావుకు తగిన బొంగరం చేసేయొచ్చు. ఈ నిర్ణయం తరిణి తిరుగుతుండగానే జరిగిపోతుంది. ఎప్పుడు మనసు మార్చుకున్నారని అడిగితే చేసినవాళ్లకే చెప్పడం కష్టం.

సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ 1920ల్లో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో ఇలాంటి చేతులనే పరిశీలించాడు. సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ల చేతికి చిన్న బల్బులు కట్టి, ఆ కదలికల జాడలను ఫొటోల్లో పట్టాడు. ఆరితేరిన పనివాడి చెయ్యి ప్రతి దెబ్బకూ ఒకే దారిలో వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. ఫొటోల్లో అలా కనిపించలేదు. సుత్తి మొన చేరవలసిన చోటికే చేరుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతి దెబ్బకూ కొద్దిగా వేరే వాటాలు పంచుకుంటున్నాయి. ఒక కీలులో తేడా వస్తే మరో కీలు దాన్ని సరిదిద్దుతోంది. అభ్యాసమంటే ఒకే కదలికను అచ్చు వేసుకోవడం అనే నమ్మకాన్ని బెర్న్‌స్టైన్ వదిలేశాడు. అభ్యాసంలో మనం ఒకే సమస్యను మళ్లీ మళ్లీ కొత్తగా పరిష్కరిస్తూ ఉంటామన్నాడు. అంటే మనం యాంత్రికం అనుకునే పని లోపల కూడా అప్పటికప్పుడు కల్పించుకోవడం జరుగుతూనే ఉంది.

ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇక్కడి నుంచే మొదలవుతుంది. అప్పటికప్పుడు పుట్టిన మంచి పని ఏదైనా సరే, ఎంతో కాలంగా పేరుకున్న నిల్వలోంచి పుడుతుంది. కంఠస్థం చేయడాన్నీ కల్పన చేయడాన్నీ ఎదురెదురు పక్షాలుగా చూడటం మన చదువుల్లో పాతుకుపోయిన పొరపాటు. నిల్వ లేనివాడికి కల్పించడానికి ఏమీ ఉండదు. కల్పించనివాడి నిల్వ మూలనపడి ఉంటుంది.

ఏటికొప్పాక రంగుల కథే చూడండి. ఒక దశలో లక్కలో రసాయన రంగులు కలపడం పెరిగింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అవి తగవు. ఆ ఊరివాడైన సి.వి. రాజు కళాకారులతో కలిసి మొక్కల రంగుల దారి పట్టాడు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, వేళ్లు, బెరళ్లు ఒక్కొక్కటీ లక్కతో ఎలా కలుస్తుందో, వేడికి ఏమవుతుందో చూసుకుంటూ వచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. పసుపు ప్రతి వంటింట్లోనూ ఉన్నదే. జాఫ్రా మన ఏజెన్సీలో పండేదే. కళ్లెదురుగా ఉన్న వస్తువును దాని రోజువారీ పనిలోంచి విడదీసి చూడటమే కష్టం. జర్మన్ మనస్తత్వవేత్త కార్ల్ డంకర్ పరీక్ష ఒకటి ఈ కష్టాన్ని బాగా చూపిస్తుంది. ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక పెట్టె నిండా గుండుసూదులు ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమంటారు. సూదులు ఖాళీ చేసి పెట్టెనే గోడకు గుచ్చి, దానిమీద కొవ్వొత్తి పెట్టాలి. సూదులు పెట్టెలో ఉన్నప్పుడు చాలామందికి ఇది తట్టదు. సూదులు బయట పోసి ఖాళీ పెట్టె ఇస్తే ఎక్కువమందికి తడుతుంది. వస్తువులు అవే. పెట్టె సూదులకోసమే అన్న పట్టు సడలిందంతే.

తెలుగువాళ్ల దగ్గర ఈ విషయానికి ఇంతకన్నా గొప్ప ప్రయోగశాల ఒకటుంది. అది అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు అర్థం కుదరని చివరి పాదం ఇచ్చి సమస్య పూరించమంటారు. ఒకరు నాలుగు మాటలిచ్చి, పాదానికొకటి వాడి పద్యం చెప్పమంటారు, అది దత్తపది. ఒకరు వర్ణన అడుగుతారు. ఒకరు నడుమ నడుమ గంట కొడుతుంటే దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి ఎక్కడలేని ప్రశ్నలూ వేసి దృష్టి మళ్లిస్తూ ఉంటాడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పుకుంటూ వెళ్లి, చివర ధారణలో అన్ని పద్యాలనూ వరసగా అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులుగా పేరుపడ్డ దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఈ విద్యను సంస్థానాల వెంట తిప్పి, ఊరూరా జనం గుమిగూడే వేడుకగా మార్చారు.

అన్నిట్లోకీ నన్ను కట్టిపడేసేది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, ఆ తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. పద్యం చాలావరకు కందం. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. అవధాని "శ్రీ" అన్నాడు. శ్రీరాముడు వస్తాడని పసిగట్టిన పృచ్ఛకుడు "ర వద్దు" అన్నాడు. ఇప్పుడు అవధాని బుర్రలో ఏం జరగాలి? శ్రీ గురువు. కందంలో గురువుతో మొదలయ్యే గణాలు గగం, భగణం మాత్రమే. కాబట్టి రెండో అక్షరం గురువైతే గణం అక్కడితో ముగుస్తుంది. లఘువైతే మరో లఘువు తప్పనిసరి. పైగా ఆ రెండో అక్షరమే ప్రాస. ఇప్పుడు ఏ హల్లు వేస్తే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరంగా అదే రావాలి. మొదటి పాదం గురువుతో మొదలైంది కనుక ఆ మూడూ గురువుతోనే మొదలవ్వాలి. అవధాని "ల" అన్నాడనుకోండి. పాలన, మాలిక, లీలగ వంటి మాటలు రాబోయే పాదాలకోసం అప్పుడే వరసలో నిలబడతాయి. పృచ్ఛకుడు లలితాదేవిని ఊహించి ఈసారి "ల వద్దు" అంటాడు. అవధాని "నొ" అంటాడు. "శ్రీలనొసగు" అన్న దారి తెరుచుకుంటుంది. పేరు చెప్పనివ్వకపోయినా సిరులిచ్చే తల్లి పద్యంలోకి వచ్చేసింది.

బయటినుంచి చూసేవాళ్లకు ఈ నియమాలన్నీ కాళ్లకు బంధాల్లా కనిపిస్తాయి. లోపలినుంచి చూస్తే నియమమే వెతుకులాటను తగ్గిస్తోంది. గణం, యతి, ప్రాస కలిసి భాషలోని వేలకు వేల మాటలను జల్లించి, నాలుగైదింటిని మిగులుస్తున్నాయి. ఖాళీ కాగితం ఇచ్చి ఏదైనా రాయమంటే బిగుసుకుపోయే పిల్లవాడు, నాలుగు మాటలిచ్చి వాటితో కథ అల్లమంటే అల్లేయడానికి కారణం ఇదే.

ధారణ రహస్యం కూడా ఇక్కడే దొరుకుతుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగిన విడివిడి అంశాలు ఏడుకు అటూ ఇటూ అని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను ఇంకా తగ్గించారు. మరి గంటల తేడాతో చెప్పిన పద్యాల పాదాలన్నీ అవధాని ఎలా నిలుపుకుంటాడు? అతను అక్షరాలను విడివిడిగా మోయడం లేదు. కందానికి మొత్తం 64 మాత్రలు. ఒక్క అక్షరం జారినా గణం విరిగి చెవికి తెలిసిపోతుంది. ప్రాస హల్లు గుర్తుంటే నాలుగు పాదాల తలుపులూ తెరుచుకుంటాయి. డేవిడ్ రూబిన్ మౌఖిక సంప్రదాయాల జ్ఞాపకం మీద 1995లో వెలువరించిన గ్రంథంలో సరిగ్గా ఇదే వాదించాడు: లయ, ధ్వని, అర్థం మూడు వైపుల నుంచి బిగిస్తే పాఠం చెదరదు. పద్యాన్ని పుట్టించిన నియమమే దాన్ని కాపాడుతోంది కూడా.

ఇక మెదడు సంగతి. 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రౌన్ అనే అమెరికన్ పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో కళాకారులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టారు. అయస్కాంతానికి అంటుకోని చిన్న కీబోర్డు ఒకటి తయారు చేయించి ఇచ్చారు. ముందు నేర్చుకున్న బాణీ వాయించినప్పుడూ, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడూ మెదడు చిత్రాల్లో తేడా చూశారు. కల్పన సాగుతున్నప్పుడు నుదురు వెనక మెదడులో పక్కభాగాలు, అంటే మనల్ని మనం తూకం వేసుకుంటూ తప్పులు పట్టుకునే పనిలో పాలుపంచుకునే ప్రాంతాలు, నెమ్మదించాయి. నడిమి భాగం చురుకెక్కింది. అది మన సొంత ఉద్దేశాలకూ స్వానుభవానికీ సంబంధించిన చోటు. 2012లో అప్పటికప్పుడు పాట కట్టే పన్నెండు మంది ర్యాప్ గాయకులతో చేసిన ప్రయోగంలోనూ ఇలాంటి నమూనాయే కనిపించింది.

ఈ ఫలితాన్ని పట్టుకుని "ఆలోచన కట్టేస్తే సృజన పుడుతుంది" అని ప్రచారం చేసేవాళ్లు ఎక్కువయ్యారు. అది తొందరపాటు. ఆ యంత్రంలో పడుకున్నవాళ్లు చిన్నప్పటి నుంచీ స్వరాలు సాధన చేసినవాళ్లు. తప్పులు పట్టుకునే కాపలా ఎప్పుడో వేళ్లలోకి, చెవిలోకి దిగిపోయింది. అందుకే పైన కూర్చున్న కాపలాదారు కాసేపు కునుకు తీసినా ఇల్లు భద్రంగా ఉంది. పియానో మెట్లు తెలియని మనం అదే పని చేస్తే వచ్చేది రణగొణధ్వని. అవధానం సంగతి ఇంకా వేరు. అక్కడ ప్రతి అక్షరానికీ నిఘా ఉండాలి, ధార ఆగకూడదు. జాజ్‌ను కొలిచిన కొలతతో అవధానాన్ని కొలవకూడదన్నది నా అభిప్రాయం. అప్పటికప్పుడు చేసే పనులన్నిటికీ మెదడులో ఒకే మీట ఉంటుందని ఆశించడం సరికాదు.

నిల్వ గురించి తిరుగులేని సాక్ష్యం బాల్కన్ కొండల నుంచి వచ్చింది. మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు 1933–35 మధ్య యుగోస్లావియాలో వీరగాథలు పాడే గాయకులను రికార్డు చేశాడు. అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ఆ పరిశోధనను పుస్తకంగా తెచ్చాడు. అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుడికి చదువు రాదు. తాను అంతకుముందు ఎన్నడూ వినని పాటను మరొకరు పాడుతుండగా ఒకే ఒక్కసారి విని, తిరిగి పాడాడు. విన్నదానికి దాదాపు మూడింతలు పొడవుగా పాడాడు! గుర్రాన్ని అలంకరించడం, సభ తీరడం, వీరుడు బయల్దేరడం వంటి ఘట్టాలు, ఛందస్సుకు సరిపోయే పలుకుబళ్లు అతని నోట సిద్ధంగా ఉన్నాయి. కథ కొత్తది, కట్టుబడి సామాను పాతది.

మన ఉత్తరాంధ్రలో ఈ మాట వినగానే గుర్తొచ్చే పేరు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యాడు. హరికథలో గాయకుడు, నర్తకుడు, కథకుడు, వ్యాఖ్యాత ఒక్కడే. సభలో చిన్నపిల్లలు ఎక్కువుంటే ఒక ఉపకథ పెరుగుతుంది. పండితులు కనిపిస్తే ఒక శ్లోకార్థం లోతుకు వెళ్తుంది. ఊళ్లో జరిగిన ముచ్చట ఒకటి కథలోకి దూరుతుంది. దాసుగారు అష్టావధానాలూ చేశాడు, అయిదు తాళాలను ఒకేసారి నడిపి చూపేవాడని ప్రసిద్ధి. సంస్కృతం, తెలుగు, సంగీతం, లయ ఇన్నీ నిల్వ చేసుకున్నవాడు కాబట్టే సభ ఎటు తిరిగితే అటు తిరగగలిగాడు. ఇప్పటికీ ఏ హరిదాసైనా కథ పట్టు సడలకుండా పిట్టకథలోకి వెళ్లి రాగలడా లేదా అన్నదాన్ని బట్టే జనం అతన్ని తూస్తారు.

ఇవన్నీ పెద్దపెద్ద విద్యలు, మనకెందుకు అనుకుంటారేమో. నోరు తెరిచి మాట్లాడే ప్రతివాడూ రోజూ ఇదే పని చేస్తున్నాడు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకరి మాట ముగియడానికీ ఎదుటివారి మాట మొదలవడానికీ మధ్య విరామం సగటున సెకనులో అయిదో వంతుకు దగ్గరగా ఉంటుందని తేలింది. ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనకు అంతకు మూడింతల సమయం పడుతుంది. అంటే ఎదుటివాడు మాట్లాడుతుండగానే మనం అతని వాక్యం ఎక్కడ ఆగుతుందో ఊహించి, మన జవాబు కట్టేస్తున్నాం. నర్సీపట్నం కూరగాయల బజారులో ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి:

"అప్పా, వంకాయలు కిలో ఎంతకిస్తావు?"

"నలభై, బాబూ."

"ముప్పై చేసుకో."

"ముప్పైకి నాకే రాలేదు. రెండు కిలోలు తీసుకో, డెబ్బైకి పట్టుకెళ్లు."

నలభయ్యా, ముప్పయ్యా అన్న పేచీని ఆమె పక్కకు తప్పించేసింది. కొనేవాడి కోరిక కాదనలేదు, తన గిట్టుబాటు వదులుకోలేదు. బేరంలో ఎక్కడా లేని రెండో కిలోను తెచ్చి మధ్యలో పెట్టింది. ఇది ఎవరూ ఆమెకు పాఠంగా చెప్పలేదు. పొద్దున్న కొన్న ధర, సాయంత్రానికి కాయ వాడిపోయే తీరు, ఎదుటి మనిషి మొహం, ఇలా ఎన్ని లెక్కలు ఆమె దగ్గరుంటే ఆ ఒక్క జవాబు వస్తుంది!

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ నిల్వ విలువ బట్టబయలవుతుంది. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది. తమ దగ్గర లేని తుపాకులను ప్రభుత్వం దగ్గరే తెచ్చుకుంది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో, ముందు నడిచిన సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే బ్రిటిష్ అధికారులను కాల్చింది. ఆ ఇద్దరి సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి. ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో ఆ ఇరుకు దారిలో క్షణాల్లో తేల్చుకోవడం వెనక, ఆ ఘాట్ మలుపులు కాళ్లకు తెలిసిన మనుషులున్నారు.

1949 ఆగస్టు 5న అమెరికాలోని మాన్‌గల్చ్ అనే లోయలో కార్చిచ్చు గడ్డి మంటై, ఆర్పడానికి వెళ్లినవాళ్ల వెంటపడింది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి, తన ముందున్న గడ్డిని తానే తగలబెట్టాడు. అది కాలిపోయిన చోట బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట వచ్చింది, కాలడానికి ఏమీ మిగలక పక్కనుంచి పోయింది. అతను పిలిచినా ఆగకుండా పరిగెత్తినవాళ్లలో ఎక్కువమంది దక్కలేదు. ఆరోజు పదముగ్గురు చనిపోయారు. ఆ ఉపాయం డాడ్జ్‌కు ఎవరూ నేర్పలేదు. కానీ మంటకు ఇంధనం కావాలన్న సంగతి అతనికి ఎముకల్లో తెలుసు. చింతపల్లి కొండల్లో పోడు కొట్టే రైతుకు కూడా, కాలిన నేల మళ్లీ వెంటనే అంటుకోదని వివరించనక్కర్లేదు.

దీనికి ఎదురుగా ప్రతి ఊళ్లోనూ ఉన్న ఒక పాడు అలవాటును పెట్టి చూడాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో లావు రాగితీగ చుట్టేస్తారు. కరెంటు వచ్చేస్తుంది, చేసినవాడికి మెప్పూ వస్తుంది. ఫ్యూజు తీగ ఉన్నదే తెగిపోవడానికి. తీగలో ప్రవాహం హద్దు మీరితే అది ముందుగా కరిగి, గోడలోని తీగలను వేడెక్కనివ్వదు. లావు తీగ ఆ పని చేయదు, ఇల్లు అంటుకుంటుంది. ఉన్నదానితో సర్దుకోవడాన్ని మన దేశపు గొప్పతనంగా పొగిడే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఈ తీగ గుర్తొచ్చి బాధేస్తుంది. డాడ్జ్ అగ్గిపుల్లా, ఈ రాగితీగా రెండూ అప్పటికప్పుడు తట్టినవే. మొదటివాడికి మంట ఎందుకు మండుతుందో తెలుసు. రెండోవాడికి ఫ్యూజు ఎందుకు పోతుందో తెలియదు.

అందుకే తెలిసి కల్పించే ఈ నేర్పును బడిలో నేర్పించాలని నేను గట్టిగా కోరుకుంటాను. దారి కొత్తగా వెతకనక్కర్లేదు, సంగీత గురువుల దగ్గర ఉంది. అప్పటికప్పుడు స్వరాలు అల్లే కల్పనస్వరం నేర్పేటప్పుడు శిష్యుణ్ని ఒక్కసారిగా రాగంలోకి తోసేయరు. కృతిలో ఒక పల్లవి ఎత్తుగడ దగ్గర నిలబెడతారు. గురువు అర ఆవర్తం స్వరం పాడతాడు, శిష్యుడు మరో అర ఆవర్తం పాడి సరిగ్గా ఎత్తుగడకు చేరాలి. మొదట్లో రెండు మూడు స్వరాలే. ఎత్తుగడ తప్పితే మళ్లీ మొదలు. కీర్తనలు ఎన్ని నోటికొస్తే అతని స్వరాల్లో అంత రాగం పలుకుతుంది.

తెలుగు తరగతిలో వారానికి ఒక పీరియడ్ దత్తపదికి ఇస్తే ఇదే జరుగుతుంది. కందంతో మొదలుపెట్టి భయపెట్టొద్దు. ఆటవెలది చాలు. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. వేమన పద్యాలు పిల్లలకు అప్పటికే నోటికొచ్చి ఉంటాయి కాబట్టి నడక చెవిలో ఉంటుంది. బస్సు, వాన, లడ్డు, పరీక్ష అని నల్లబల్ల మీద నాలుగు మాటలు రాసి, జట్టుకు నలుగురు చొప్పున, మనిషికో పాదం చెప్పమనాలి. రెండో పిల్లవాడు ఏం చెప్పాలో మొదటి పిల్లవాడి పాదం విన్నాకే తేలుతుంది కనుక, చెవులు నిక్కబొడుచుకుని వినక తప్పదు. గణం తప్పితే టీచరు చెప్పేలోపే వెనక బెంచీ నుంచి అరుపు వస్తుంది.